ఓడింది ఒకరు, సంతకం పెట్టింది మరొకరు

మొదటి ప్రపంచ యుద్ధం రెండవదానికి ఎలా దారితీసిందని అడిగితే చదువుకున్నవారిలో ఎక్కువమంది వెర్సాయ్ సంధి పేరు చెబుతారు. గెలిచిన దేశాలు జర్మనీని పిండి పిప్పి చేశాయని, ఆ అవమానంలోంచి, ఆ ఆకలిలోంచి హిట్లర్ పుట్టుకొచ్చాడని పాఠ్యపుస్తకాలు ఒక్క పేరాలో తేల్చేస్తాయి. నేనూ చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. అయితే ఆ కాలపు చరిత్రను చదువుతున్నకొద్దీ నా దృష్టి సంధి మీదనుంచి, దానికి ఏడున్నర నెలల ముందు జరిగిన మరో సంతకం మీదికి మళ్ళింది. 1918 నవంబరు 11న యుద్ధాన్ని ఆపిన కాగితం మీద, జర్మనీ తరఫున ఆ యుద్ధాన్ని నడిపి ఓడిన ఇద్దరు సేనానుల పేర్లు లేవు. ఆ తర్వాతి ఇరవై ఏళ్ళ చరిత్రలో చాలా భాగం ఆ ఖాళీలోంచే వచ్చిందని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. ఎందుకు అనిపిస్తోందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1918 వసంతం నాటికి జర్మనీ గెలుపు అంచున ఉన్నట్టే కనిపించింది. మార్చి 3న బ్రెస్ట్ లిటోవ్‌స్క్‌లో రష్యా తలవంచి, తన జనాభాలో దాదాపు మూడో వంతు ఉన్న భూభాగాన్ని వదులుకుంది. తూర్పున ఖాళీ అయిన సేనల్ని పశ్చిమానికి తరలించి, మార్చి 21న జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ తన చివరి పెద్ద దాడి మొదలుపెట్టాడు. నాలుగేళ్ళుగా కందకాల్లో గజాల లెక్కన కదిలిన సరిహద్దు ఒక్కసారిగా మైళ్ళ కొద్దీ జరిగింది. కానీ వేసవి వచ్చేసరికి ఆ దాడి చతికిలబడింది. అప్పటికే నెలకు రెండు లక్షలకు పైగా అమెరికా సైనికులు ఫ్రాన్స్‌లో దిగుతున్నారు. ఆగస్టు 8న ఆమియాన్ దగ్గర జర్మన్ దళాలు వేల సంఖ్యలో లొంగిపోయినప్పుడు, అది జర్మన్ సైన్యానికి చీకటి రోజని లూడెన్‌డార్ఫే రాసుకున్నాడు. సెప్టెంబరు 29న బల్గేరియా యుద్ధంలోంచి తప్పుకుంది. అదే రోజు హిండెన్‌బర్గ్ రేఖ అని పేరుపడిన రక్షణ వరసకు గండి పడింది.

అసలు ఘట్టం కూడా ఆ రోజునే, బెల్జియంలోని స్పా పట్టణంలో ఉన్న జర్మన్ ప్రధాన సైనిక స్థావరంలో జరిగింది. యుద్ధం గెలవలేమని, వెంటనే కాల్పుల విరమణ అడగాలని సర్వసేనాని హిండెన్‌బర్గ్, ఆయన కుడిభుజం లూడెన్‌డార్ఫ్ ఇద్దరూ కైజర్‌కు, అంటే జర్మన్ చక్రవర్తికి చెప్పారు. రెండేళ్ళుగా దేశాన్ని దాదాపు సైనిక నియంతృత్వంతో నడిపిన మనుషులు వారు. పార్లమెంటును పక్కకు నెట్టి, మాట వినని ఛాన్సలర్లను, అంటే ప్రధానమంత్రులను మార్పించి, వార్తాపత్రికల్లో విజయం తప్ప మరో మాట రాకుండా చూసినవారు. అలాంటివారు ఓటమిని ఒప్పుకున్న రోజునే మరో మాట కూడా అన్నారు: ప్రభుత్వంలో పార్లమెంటు పార్టీలకు చోటివ్వాలని. ఇది ప్రజాస్వామ్యం మీద హఠాత్తుగా పుట్టిన ప్రేమ అని ఎవరూ పొరబడనక్కరలేదు. రెండు రోజుల తర్వాత లూడెన్‌డార్ఫ్ తన అధికారులతో మాట్లాడుతూ, మనల్ని ఈ స్థితికి తెచ్చినవారినే ప్రభుత్వంలోకి తెమ్మని కైజర్‌ను కోరానని, సంధి వారే చేసుకోవాలని, మనకు వండిపెట్టిన సూపును వారే తాగాలని చెప్పాడు. అది విన్న అధికారుల్లో ఒకరు ఆ మాటల్ని డైరీలో రాసిపెట్టుకోబట్టి మనకు తెలిసింది. ఆ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలతపెట్టే మాట ఇదే. వండింది తానేనన్న సంగతి లూడెన్‌డార్ఫ్‌కు తెలియదా? తెలిసే అన్నాడని నా నమ్మకం.

అక్టోబరు 3న బాడెన్ యువరాజు మాక్స్ ఛాన్సలర్ అయ్యాడు. కొన్ని రోజులు ఆగితే మేలని ఆయన కోరినా సేనానులు ఒప్పుకోలేదు. ఆ రాత్రే అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు విన్నపం వెళ్ళింది. నెలాఖరుకు లూడెన్‌డార్ఫ్ మాట మార్చి, విల్సన్ షరతులు ఒప్పుకోరానివని, యుద్ధం కొనసాగించాలని వాదించి, అక్టోబరు 26న పదవి పోగొట్టుకుని, కొన్నాళ్ళకు మారువేషంలో స్వీడన్ చేరుకున్నాడు. నవంబరు మొదట్లో కీల్ రేవులో నావికులు తిరగబడ్డారు. 9న కైజర్ సింహాసనం వదిలాడని బెర్లిన్‌లో ప్రకటించారు. మరునాడు ఆయన హాలండ్ వెళ్ళిపోయాడు. వరస చూడండి. ముందు సేనానులు ఓటమి ఒప్పుకున్నారు, ఆ తర్వాత నెలకు పైగా గడిచాకే తిరుగుబాటు వచ్చింది. తరువాతి కాలంలో జర్మనీలో లక్షలమందికి ఈ వరసను తలకిందులుగా చెప్పారు.

ఇక సంతకం పెట్టవలసివచ్చిన మనిషి గురించి చెప్పాలి. మతియాస్ ఎర్ట్స్‌బెర్గర్ కాథలిక్కుల సెంటర్ పార్టీకి చెందిన పార్లమెంటు సభ్యుడు. యుద్ధం మొదట్లో పొరుగు దేశాల భూములు కలుపుకోవాలని గట్టిగా వాదించినవారిలో ఆయనా ఒకడు కనుక ఆయనను నిష్కళంకుడని నేను అనను. కానీ వాస్తవాలు తెలిసినకొద్దీ మారాడు. ఆక్రమణలు లేని శాంతి కావాలంటూ 1917 జూలైలో పార్లమెంటు చేసిన తీర్మానానికి ముందు నిలిచింది ఆయనే. 1918 అక్టోబరులో, సైన్యంలో చేరిన ఆయన కొడుకు ఫ్లూ సోకి చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆయనను కాల్పుల విరమణ బృందానికి నాయకుడిగా పంపారు. అలాంటి బృందానికి సైనికుడు కాక రాజకీయ నాయకుడు పెద్దగా ఉండడం అప్పటికి వాడుకలో లేని పని. హిండెన్‌బర్గ్ ఆయనను దీవించి సాగనంపాడు.

నవంబరు 7 రాత్రి ఆ బృందం తెల్ల జెండా కట్టిన కార్లలో యుద్ధరేఖ దాటింది. అక్కడినుంచి వారిని పాడుబడిన ఊళ్ళ మీదుగా తిప్పి, రైలెక్కించి, 8వ తేదీ ఉదయానికి ఫ్రాన్స్‌లోని కంపియేన్ అడవిలో చెట్ల మధ్య ఖాళీ జాగాకు చేర్చారు. భారీ ఫిరంగుల్ని రైలు మీద నడపడానికి వేసిన పక్కదారి పట్టాల మీద రెండు రైళ్ళు నిలిచి ఉన్నాయి. మిత్రపక్షాల సర్వసేనాని ఫోష్ తన కార్యాలయంగా మార్చుకున్న భోజనశాల పెట్టెలో, ఒక పొడవాటి బల్లకు అటూ ఇటూ రెండు పక్షాలూ కూర్చున్నాయి. ఈ పెద్దమనుషులు ఏం పని మీద వచ్చారని ఫోష్ అడిగాడు. ప్రతిపాదనలు వినడానికి వచ్చామంటే, నా దగ్గర ప్రతిపాదనలేవీ లేవన్నాడు. కాల్పుల విరమణ అడుగుతున్నామని వారి నోటితోనే చెప్పించి, ఆ తర్వాతే షరతులు చదవమని తన సహాయకుడు జనరల్ వేగాండ్‌కు సైగ చేశాడు. ఈ వేగాండ్ పేరు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తుంది.

షరతులు కఠినమైనవి. ఆక్రమించిన భూములన్నీ పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి, రైన్ నది ఎడమ గట్టును వదలాలి, 5,000 ఫిరంగులు, 5,000 రైలింజన్లు, 1,50,000 పెట్టెలు, జలాంతర్గాములన్నీ అప్పగించాలి, అయినా జర్మనీకి సరుకులు చేరకుండా సముద్రం మీద అడ్డుకుంటున్న నౌకా దిగ్బంధం మాత్రం కొనసాగుతుంది. ఒప్పుకోవడానికి 72 గంటల గడువిచ్చారు. చర్చలు జరుగుతున్నంతసేపైనా కాల్పులు ఆపమని ఎర్ట్స్‌బెర్గర్ ప్రాధేయపడ్డాడు. ఫోష్ ఒప్పుకోలేదు. 10వ తేదీ రాత్రి హిండెన్‌బర్గ్ నుంచి సందేశం వచ్చింది: వీలైనంత సడలింపు అడగండి, ఇవ్వకపోయినా సంతకం చేయండి. ఇది లిఖితపూర్వకంగా ఉన్న సంగతి. తెల్లవారుజామున ఐదుంబావు ప్రాంతంలో సంతకాలు పూర్తయ్యాయి. ఏడు కోట్ల జనం బాధలు పడగలరు గాని చావరని ఎర్ట్స్‌బెర్గర్ అన్నాడు. సరేనన్న ఫోష్ చేయి కలపలేదు.

కాల్పులు ఆగవలసింది ఉదయం పదకొండు గంటలకు. సంతకానికీ ఆ గంటకూ మధ్య ఉన్నది ఆరు గంటల్లోపే. అయినా ఆ చివరి రోజున పశ్చిమ రంగంలో సుమారు 2,700 మంది చనిపోయారు. యుద్ధం అయిపోయిందని తెలిసి కూడా కొందరు సేనానులు దాడులు ఆపలేదు. అమెరికా సైనికుడు హెన్రీ గంథర్ 10 గంటల 59 నిమిషాలకు ఒక జర్మన్ మరతుపాకి స్థావరం మీదికి పరుగెత్తాడు. వెనక్కి పొమ్మని ఆ జర్మన్లే చేతులూపి అరిచారు. ఆయన ఆగలేదు, వారు కాల్చక తప్పలేదు. ఆయన పూర్వీకులు జర్మనీనుంచి వచ్చినవారే. బెల్జియంలోని మోన్స్ పట్టణం దగ్గర సేంట్ సింఫోరియన్ శ్మశానంలో రెండు సమాధులు కొన్ని గజాల ఎడంలో ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి 1914 ఆగస్టులో చనిపోయిన మొదటి బ్రిటిష్ సైనికుడు జాన్ పార్‌ది. రెండవది చివరి ఉదయం చనిపోయిన జార్జ్ ఎలిసన్‌ది. ఆ రెండు రాళ్ళనూ అలా ఉంచాలని ఎవరూ ముందుగా అనుకోలేదు. నాలుగేళ్ళ మూడు నెలల తర్వాత బ్రిటిష్ సైన్యం తాను మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చింది, అంతే. మధ్యలో అన్ని దేశాలవారూ కలిపి 90 లక్షలకు పైగా సైనికులు పోయారు.

ఈ చివరి రోజు లెక్క చూశాక, యుద్ధాన్ని ఇంకా కొనసాగించి బెర్లిన్ దాకా వెళ్ళి ఉండవలసిందని తేలిగ్గా అనలేను. అమెరికా సేనాని పెర్షింగ్ అలాగే వాదించాడు. జర్మనీ బేషరతుగా లొంగిపోయేవరకూ ఆపవద్దని అక్టోబరు 30న రాతపూర్వకంగా కోరాడు. తన షరతులు నెరవేరుతుంటే మరొక్క రక్తపు బొట్టు కూడా చిందించే హక్కు ఎవరికీ లేదన్నది ఫోష్ ఆలోచన. ఫ్రాన్స్ అప్పటికే 13 లక్షలకు పైగా కొడుకుల్ని పోగొట్టుకుంది. ఆ మాట అనే అధికారం ఆయనకు ఉంది. రోజుకు వేలమంది చనిపోతున్న వేళ యుద్ధాన్ని ఆపినవారిని ఆపినందుకు తప్పుపట్టడం నావల్ల కాదు. తప్పు ఎక్కడ ఉందంటే, అవతలి పక్కన సంతకం పెట్టడానికి ఎవరు వచ్చారన్నది ఆ రోజు ఎవరికీ పెద్ద విషయంగా తోచకపోవడంలో ఉంది.

ఎందుకంటే కాల్పులు ఆగిన రోజున పశ్చిమంలో జర్మన్ సైన్యం ఇంకా పరాయి నేల మీదే ఉంది. జర్మనీ లోపలి ఊళ్ళమీద శత్రు ఫిరంగులు పేలలేదు. సైనికులు తుపాకులతో, జెండాలతో ఇళ్ళకు నడిచి వచ్చారు. డిసెంబరు 10న బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ ద్వారం దగ్గర కొత్త ప్రభుత్వాధినేత ఎబర్ట్ వారిని స్వాగతిస్తూ, ఏ శత్రువూ మిమ్మల్ని జయించలేదని అన్నాడు. ఆయన సోషల్ డెమొక్రాట్, యుద్ధంలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి. అలసిపోయి వచ్చినవారిని ఓదార్చాలనే ఆ మాట అని ఉంటాడు. కానీ దాని అర్థమేమిటి? సైన్యం ఓడకపోతే దేశం ఎలా ఓడింది? ఆ ప్రశ్నకు జవాబు తయారుగా ఉన్నవారు ఉన్నారు. తూర్పు ఆఫ్రికాలో లెటో ఫోర్‌బెక్ అనే జర్మన్ సేనాని, యూరప్‌లో యుద్ధం ఆగిన రెండు వారాలకు, నవంబరు 25న గాని ఆయుధాలు దించలేదు. 1919 మార్చిలో ఆయన బెర్లిన్ వీధుల్లో అజేయుడిగా ఊరేగాడు. ఆ తూర్పు ఆఫ్రికా యుద్ధంలో బ్రిటిష్ పక్షాన మూటలు మోసి, జబ్బులతో, ఆకలితో చనిపోయిన ఆఫ్రికన్ కూలీలే లక్షకు అటూ ఇటూగా ఉంటారు. ఆ ఊరేగింపులో వారి ఊసు లేదు.

1919 జూన్‌లో సంధి షరతులు వచ్చినప్పుడు అదే నాటకం మళ్ళీ నడిచింది. ప్రతిఘటించగలమా అని ఎబర్ట్ సైనిక స్థావరానికి ఫోన్ చేసి అడిగినప్పుడు, పశ్చిమాన ఆశ లేదని హిండెన్‌బర్గ్‌కు తెలుసు. ఆ జవాబు చెప్పే పని తన కింది జనరల్ గ్రోనర్‌కు వదిలి గదిలోంచి బయటికి వెళ్ళిపోయాడు. జూన్ 28న, యుద్ధానికి దారితీసిన సరాయెవో హత్యలో తుపాకి పేలి సరిగ్గా అయిదేళ్ళు నిండిన రోజున, వెర్సాయ్ అద్దాల మందిరంలో జర్మనీ తరఫున సంతకం పెట్టింది హెర్మన్ ముల్లర్, యోహానెస్ బెల్ అనే ఇద్దరు మంత్రులు. ఇద్దరూ పౌరులే.

ఆ నవంబరులోనే పార్లమెంటు విచారణ సంఘం ముందుకు హిండెన్‌బర్గ్ వచ్చాడు. సంఘం వేసిన ప్రశ్నల్ని పక్కకు నెట్టి, రాసి తెచ్చుకున్న ప్రకటన చదివాడు. సైన్యానికి వెనకనుంచి పొడిచారన్నది దాని సారాంశం. వెన్నుపోటు అన్న మాట తెలుగులో ఎంత సూటిగా తగులుతుందో జర్మన్‌లోనూ అంతే సూటిగా తగిలింది. పొడిచినవారెవరు? సోషలిస్టులు, యూదులు, శాంతి కోరిన పార్లమెంటు సభ్యులు. జర్మన్ సైన్యంలో దాదాపు లక్షమంది యూదులు పనిచేశారని, వారిలో సుమారు 12,000 మంది చనిపోయారని లెక్కలు ఉన్నా ఆ ప్రచారం ఆగలేదు. ఏడాది ముందు సంతకం చేయమని సందేశం పంపిన మనిషే ఈ మాట చదువుతుంటే ఆ సంఘంలో ఆయనను నిలదీసి ముందుకు సాగనివ్వకుండా ఆపగలిగినవారు లేకపోయారు.

వెర్సాయ్ కఠినత్వం గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే వాదం ఒంటికాలి మీద నిలబడుతుంది. దిగ్బంధం 1919 జూలై దాకా పూర్తిగా ఎత్తివేయలేదు. యుద్ధం ఆగాక కూడా పసిపిల్లల ఆకలి కొనసాగింది. దానికి సమర్థన నాకు కనిపించదు. 1921లో నష్టపరిహారాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. అయితే అందులో 8,200 కోట్లు గెలిచిన దేశాల ఓటర్ల కోసం కాగితం మీద చూపించినవే, వసూలవుతాయని లెక్క వేసినవారికే నమ్మకం లేదు. చివరికి జర్మనీ చెల్లించింది సుమారు 2,000 కోట్లు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులయ్యేంతగా డబ్బు విలువ పడిపోవడానికి పరిహారం ఒక కారణమైతే, యుద్ధ ఖర్చును పన్నులతో కాకుండా అప్పులతో నెట్టుకొచ్చిన కైజర్ ప్రభుత్వపు పద్ధతి మరో కారణం. గెలిచాక శత్రువులనుంచి రాబట్టుకుందామన్న ధైర్యంతోనే ఆ అప్పులు చేశారు. 1871లో ఓడిన ఫ్రాన్స్ మీద 500 కోట్ల ఫ్రాంకులు విధించి, అది తీరేదాకా సైన్యాన్ని కదపని దేశం కూడా జర్మనీయే. ఓడిన దేశం మీద బరువు పెట్టడం అప్పటికి కొత్త సంగతి కాదు. మేము ఓడనే లేదని నమ్మిన జనం మీద ఆ బరువు పడడమే కొత్త. ఓడామని తెలిసినవారికి అది శిక్షలా, కనీసం దురదృష్టంలా తోచేది. ఓడలేదని నమ్మినవారికి దోపిడీలా తోచింది.

ఎర్ట్స్‌బెర్గర్ ఆర్థికమంత్రి అయ్యి, యుద్ధంలో లాభపడినవారిమీద, ఆస్తిపరులమీద పన్నులు వేశాడు. ద్వేషానికి అదొక అదనపు కారణమైంది. 1920 జనవరిలో ఒక యువకుడు ఆయన మీద కాల్పులు జరిపితే గాయంతో బయటపడ్డాడు. 1921 ఆగస్టు 26న, బ్లాక్ ఫారెస్ట్‌లోని బాడ్ గ్రీస్‌బాహ్ దగ్గర కొండదారిలో మిత్రుడితో నడుస్తుండగా ఇద్దరు మాజీ సైనికాధికారులు ఆయనను కాల్చి చంపారు. వారు హంగరీకి పారిపోయారు, 1933లో నాజీ ప్రభుత్వం వారికి క్షమాభిక్ష ఇచ్చింది. శిక్ష పడింది రెండవ యుద్ధం ముగిశాకే. మరి ఓడిన సేనానుల సంగతి? లూడెన్‌డార్ఫ్ 1923లో మ్యూనిక్‌లో హిట్లర్ పక్కన నడిచి ప్రభుత్వాన్ని కూలదోయబోయి, నిర్దోషిగా బయటికి వచ్చాడు. హిండెన్‌బర్గ్ 1925లో దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించిన సంతకం ఆయనదే.

వేగాండ్ పేరు గుర్తుంచుకోమన్నాను. 1940 జూన్‌లో ఫ్రాన్స్ కూలిపోతున్నప్పుడు ఆ దేశపు సర్వసేనాని ఆయనే. సైన్యం ఫ్రాన్స్‌లో లొంగిపోతే ప్రభుత్వం ఉత్తర ఆఫ్రికాకు వెళ్ళి యుద్ధం కొనసాగిస్తుందని ప్రధానమంత్రి రెనో ప్రతిపాదించాడు. హాలండ్ అప్పటికే అలా చేసింది. వేగాండ్ మండిపడ్డాడు. సైన్యం లొంగిపోవడం దాని గౌరవానికి మచ్చ అని, కాల్పుల విరమణ ప్రభుత్వమే అడగాలని పట్టుబట్టి నెగ్గించుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ రైలు పెట్టెలో ఓడినవారి తరఫున పౌరుడొకడు వచ్చి కూర్చుంటే, షరతులు చదివి వినిపించిన గొంతు ఈయనదే. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒక సైన్యపు తప్పును రెండో సైన్యం చూసి నేర్చుకున్నది ఏమిటో తెలిసి నాకు చాలా బాధ కలిగింది. జూన్ 22న, మ్యూజియంలో భద్రపరిచిన అదే పెట్టెను గోడ పగలగొట్టి బయటికి లాగించి, అదే చోట నిలబెట్టి హిట్లర్ ఫ్రాన్స్ చేత సంతకం పెట్టించాడు. జర్మనీ పక్షాన సంతకం చేసినవాడు హిట్లర్ సేనానుల్లో ఒకడైన విల్హెల్మ్ కైటెల్.

1943 జనవరిలో మొరాకోలోని కాసాబ్లాంకాలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బేషరతు లొంగుబాటు తప్ప మరేదీ ఒప్పుకోబోమని ప్రకటించాడు. అది యుద్ధాన్ని పొడిగించిందన్న విమర్శను నేను కొట్టిపారేయను. కానీ 1918 నీడ ఆ మాట మీద స్పష్టంగా ఉంది. పోయిన యుద్ధంలో లొంగిపోయామన్న సంగతిని జర్మన్లు ఒప్పుకోరని, ఈసారి వారికి తెలిసి తీరుతుందని రూజ్‌వెల్ట్ తర్వాత బాహాటంగానే అన్నాడు. 1945 మే 7న ఫ్రాన్స్‌లోని రాన్స్ నగరంలో జర్మన్ జనరల్ యోడల్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసినా సోవియట్ పక్షం అది చాలదంది. సైనిక అధికార పీఠంలో పైన ఉన్నవారే రావాలని, బెర్లిన్‌లోనే జరగాలని పట్టుబట్టింది. మరునాడు అర్ధరాత్రి వేళ, శిథిలాల మధ్య మిగిలిన కార్ల్స్‌హోర్స్ట్ సైనిక పాఠశాల భవనంలోకి జర్మన్ ప్రతినిధుల్ని తీసుకువచ్చారు. కంపియేన్ పెట్టె ఆసరికే జర్మనీలో ఎక్కడో కాలిపోయింది. విమానదళం తరఫున స్టుంఫ్, నౌకాదళం తరఫున ఫ్రీడెబుర్గ్ కూర్చున్నారు. వారికి పెద్దగా, ఒంటికంటి అద్దంతో, చేతిలో ఫీల్డ్ మార్షల్ దండంతో వచ్చినవాడు కైటెల్. ఒక్కొక్క ప్రతి మీద తన పేరు రాశాడు. ఈసారి ఓడినవారి తరఫున సంతకం పెట్టినవారిలో పౌరదుస్తుల్లో ఉన్నవాడు ఒక్కడూ లేడు.